పంచమీ విభక్తి లేని లెక్కలు

‘వలన, కంటె, పట్టి’ అంటూ పంచమీ విభక్తిని ఏళ్ళ తరబడి పిల్లలచేత వల్లె వేయించాను. ఆ పాఠం ఉద్యోగ విరమణానంతరం వ్యాపారపు లెక్కలో అక్కరకు రాగలదని కలనైనా తలపలేదు.

ఎమ్మిగనూరులోని నా పూర్వ విద్యార్థి ఒకడు చేనేత చీరలు, దుప్పట్లు అంతర్జాలంలో అమ్ముతున్నాడు. మొన్న ఆదోని వచ్చి, ప్రకటనల ఏజెంటు పంపిన నివేదికను నా ముందుంచాడు. “లీడ్లు శానా వస్తున్నాయంటారు సార్, సరుకేమో కదల్లేదు” అని వాపోయాడు.

లీడు అనగా అమ్మకం కాదు. నంబరిచ్చి ధర అడిగినవారి విచారణ మాత్రమే. ఎందరు అడిగారో ఆ నివేదికలో ఉన్నది. దేని వలన వచ్చారో, వారిలో కొన్నవారెవరో లేదు. అంతా డుమువులే, ప్రథమా విభక్తియే!

ఒక లెక్క ఊహించండి. రెండు చోట్ల ప్రకటనలకు చెరి రూ. 2,000 ఖర్చు. మొదటి చోట 100 విచారణలు, 2 అమ్మకాలు. రెండవ చోట 20 విచారణలు, 5 అమ్మకాలు. విచారణకు రూ. 20 పడిన మొదటిదే చౌక అని ఏజెంటు చంకలు గుద్దుకొంటాడు. కాని అమ్మకానికి అక్కడ పడినది రూ. 1,000, రెండవ చోట రూ. 400! ఆదోని పత్తి యార్డులో బోరాలు లెక్కపెట్టి ధర కట్టేవాడున్నాడా? చేయి పెట్టి తేమ, పింజ చూడడా?

ఏ దారిన వచ్చారో తెలుసుకోవడం బ్రహ్మవిద్య కాదు. లింకు చివర తగిలించే ‘యూటీఎం’ గుర్తులు ఉన్నవి. వాటికి పేరిచ్చిన అర్చిన్ సంస్థను గూగుల్ 2005లోనే కొన్నది. అయితే ఆ గుర్తు చెప్పేది తాను నిలిచిన గుమ్మం సంగతే. అంతకు ముందు ఏ మేనత్తో చీర కట్టి చూపి “బాగుంది, కొనవే” అన్న మాట దానికి వినబడదు. కనుక కొన్నవారిని నోరారా అడిగి పుస్తకంలో వ్రాసుకోవాలి.

“చిన్న నేతగాడికి ఇంత లెక్క ఎందుకు?” అనువారున్నారు. పెద్దవాడు రెండువేలు పోగొట్టుకొంటే లెక్కలో తప్పు. నేతగాడు పోగొట్టుకొంటే పొయ్యిలో పిల్లి. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో నెలకొల్పిన చేనేత సహకార సంఘం పేరులోనే ఉత్పత్తితో పాటు విక్రయమూ ఉన్నది. నేసినవాని చేతిలో అమ్మకపు లెక్క కూడా ఉండాలనే కదా!

మరొక మాట. చీర ధర అడగడానికిచ్చిన నంబరును ఇంకొకరికి అమ్ముకోవడం వ్యాపారం కాదు, నమ్మకద్రోహం. వ్యక్తి సమాచారాన్ని వాడుటకు స్పష్టమైన సమ్మతి ఉండాలని పార్లమెంటు 2023లో చట్టమే చేసింది.

నా శిష్యునికి ఒక్కటే చెప్పాను: “నాయనా, ‘ఎందరు’ అన్నవానికి ‘దేని వలన’ అని ఎదురు ప్రశ్న వేయి. జవాబు చెప్పలేనివానికి డబ్బు చెల్లించకు.” విజ్ఞులు కాదంటారా?