గాలి ఆగితే గ్యాస్‌ మీద నెపం

సూరత్‌లో తాపీ నది అవతలి గట్టున అపార్ట్‌మెంట్లతో నిండిన ప్రాంతం అడాజన్‌. సముద్రం దగ్గర కావడంతో అక్కడ ఎండ ఒక ఎత్తు, ఉక్కపోత మరో ఎత్తు. అలాంటి చోట ఏసీ మొరాయిస్తే రాత్రి గడవడం కష్టం. ఆ కష్టం చుట్టూనే ఓ వేసవి తంతు నడుస్తుంది. చల్లగా రావడం లేదని ఫోన్‌ చేస్తే మెకానిక్‌ వస్తాడు. ‘‘గ్యాస్‌ అయిపోయింది’’ అంటాడు. నింపి, డబ్బు తీసుకుని వెళ్తాడు. కొన్నాళ్లకు మళ్లీ అదే ఫోన్‌. విజయవాడ, విశాఖ వాసులకూ ఇది కొత్త కథేమీ కాదు.

నిజానికి ఏసీలో గ్యాస్‌ స్కూటర్లో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్‌ తిరుగుతూ గదిలోని వేడిని బయటికి మోసుకుపోతుంది. లీకు లేకపోతే ఏళ్ల తరబడి తగ్గదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ లీకును మూయకుండా గ్యాస్‌ నింపడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. పైగా చాలాసార్లు లోపం గ్యాస్‌లో కాదు, గాలిలో ఉంటుంది.

ఇంజనీర్ల వాడుక లెక్కలో టన్ను ఏసీకి నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కావాలి. తేమ ఎక్కువగా ఉండే చోట దాన్ని 350కి కుదిస్తారు. అంతకంటే బాగా తగ్గితే కాయిల్‌కు తగినంత వేడి అందదు. దాని ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు జారి, గాలిలోని తేమ మంచుగా గడ్డకడుతుంది. ఆ మంచు వచ్చే కాస్త గాలికీ అడ్డుపడుతుంది. ఇక ఏసీ నడుస్తూనే ఉంటుంది, గది చల్లబడదు. రిమోట్‌లో 18 నొక్కినంత మాత్రాన ఆగిన గాలి రాదు.

1902లో విల్లిస్‌ క్యారియర్‌ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయానికి ఆధునిక ఏసీని రూపొందించింది మనుషుల సుఖం కోసం కాదు, తేమను అదుపు చేయడానికి. నేటికీ గాలిలోని నీటిని పిండడం ఏసీ పనిలో పెద్ద భాగమే. అందుకే సూరత్‌ లాంటి ఊళ్లలో కాయిల్‌ ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఫిల్టర్‌ను దాటి వచ్చిన దుమ్ము ఆ తడికి అంటుకుని బురదలా పేరుకుంటుంది. బ్లోయర్‌ రెక్కలదీ అదే గతి. నదికి ఇవతల, తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు ఉండే లింబాయత్‌ వంటి చోట్ల మరమగ్గాల నూగు కూడా తోడు కావచ్చు. ఫిల్టర్‌ కడిగినా గాలి జోరు పెరగలేదంటే చూడాల్సింది కాయిల్‌, బ్లోయర్‌లనే.

తేడా తెలుసుకోవడానికి చౌక థర్మామీటర్‌ ఒకటి చాలు. సెట్టింగ్‌ తక్కువలో, ఫ్యాన్‌ జోరుగా పెట్టి పావుగంట నడిపాక, ఏసీ పీల్చే గాలినీ వదిలే గాలినీ కొలవాలి. తేడా సాధారణంగా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటుంది. గాలి బాగా చల్లగా ఉండి, పలచగా వస్తుంటే దారిలో ఏదో అడ్డున్నట్టు. గాలి జోరుగా వస్తున్నా తేడా నాలుగైదు డిగ్రీలకు మించకపోతే గ్యాస్‌ను, కంప్రెసర్‌ను, అవుట్‌డోర్‌ యూనిట్‌ను అనుమానించాలి.

మంచు కనిపిస్తే కూలింగ్‌ ఆపి, ఫ్యాన్‌ మాత్రమే నడిపి కరగనివ్వాలి. గీకితే కాయిల్‌కు చిల్లు పడవచ్చు. ఫిల్టర్‌, కాయిల్‌, బ్లోయర్‌ అన్నీ శుభ్రమయ్యాక కూడా మంచు కడితే అప్పుడు లీకు మాట ఎత్తవచ్చు.

అవుట్‌డోర్‌ యూనిట్‌కూ ఊపిరి కావాలి. ఇరుకు సందులో ఎదురెదురుగా బిగించినా, బాల్కనీని అద్దాలతో మూసేసినా అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది. కంప్రెసర్‌ వేడెక్కి ఆగిపోతుంది. కరెంటు బిల్లు మాత్రం ఆగదు. అయితే పై అంతస్తుల్లో గోడకు వేలాడే యూనిట్‌ను బాల్కనీలోంచి వంగి శుభ్రం చేసే సాహసం ఎవరికీ తగదు. నడుముకు బెల్టు లేని మెకానిక్‌కు కూడా.

గ్యాస్‌ వృథా జేబుకే కాదు, వాతావరణానికీ నష్టమే. వందేళ్ల లెక్కన చూస్తే ఆర్‌-32 కార్బన్‌ డయాక్సైడ్‌ కంటే సుమారు 675 రెట్లు, పాత ఏసీల్లోని ఆర్‌-22 సుమారు 1,800 రెట్లు భూమిని వేడెక్కిస్తాయి. ఆర్‌-22 ఓజోన్‌ పొరకూ చేటే.

అందుకే గ్యాస్‌ నింపడానికి ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. లీకు ఎక్కడ? దాన్ని మూసి, గొట్టాలను వాక్యూమ్‌ చేస్తారా? యూనిట్‌ మీద రాసి ఉన్న తూకం ప్రకారమే నింపుతారా? పని తెలిసిన మెకానిక్‌ వీటికి నొచ్చుకోడు. జవాబు లేని చోట సిలిండర్‌ తెరవాల్సిన అవసరం లేదు.