పూలప్రదర్శన ముగిసిన తరువాత

లాల్‌బాగ్ అనగానే బెంగళూరులోని మన తెలుగువారికి ముందు గుర్తొచ్చేవి గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాలకు గాజుభవనంలో జరిగే పూలప్రదర్శనలు. మిగతా నెలల్లో వెళదామంటే "ఇప్పుడక్కడ ఏముంది?" అంటారు. ఆ మాటతో నాకు పేచీ ఉన్నది.

1889లో పునాది పడిన ఆ భవనంలో పూలు మనం పెట్టిన తేదీకి పూస్తాయి. బయటి చెట్లు తమ వేళకు పూస్తాయి. మాఘ ఫాల్గుణాల్లో ఆకులు రాల్చిన బూరుగు ఎర్రగా విచ్చుకుంటే, మైనాలు, ఉడుతలు తేనె కోసం దాని కొమ్మలెక్కుతాయి. ఉగాదికి కాస్త అటూ ఇటూగా కానుగ లేతాకు తొడుగుతుంది. ఎండ ముదిరేకొద్దీ కంసాలిపిట్ట రాగిరేకు కొట్టినట్టు ఆగకుండా కూస్తుంది. చెరువు దగ్గర నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకుంటాయి.

ఒకప్పుడు నేనూ ప్రదర్శనలకే వెళ్ళేవాణ్ణి. ఒక ఉగాదికి వేపపువ్వు అంగట్లో కొని తెస్తుంటే, "ఇది ఏ చెట్టుకు పూసింది నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. ఆనాటి తిథి చెప్పగలిగాను గాని, పూసిన వేపను చూపలేకపోయాను. ఆ సిగ్గే నన్ను ఆ తోటకు మళ్ళీ మళ్ళీ తీసుకువెళ్ళింది.

ప్రదర్శనలు వద్దని నేననను. అయితే పిల్లల చేత ఆరు ఋతువుల పేర్లు వల్లె వేయించే మనం, వారిని నెలకొకసారైనా అదే చెట్టు కింద నిలబెట్టాలి. వసంతమంటే ఏమిటో ఆ కానుగే చెబుతుంది. మీ ఊరి తోటలో ఈ నెల ఏది పూసిందో చూశారా?