తూటా ముక్కు

అప్పడాలు బజారులో దొరుకుతున్నా ఇంట్లో వత్తుకుంటేగాని తోచనివారున్నారు చూడండి, అమెరికా వేటగాళ్ళలో తూటాల విషయంలో అటువంటివారున్నారు. పేల్చగా మిగిలిన ఇత్తడి గుల్లను పారవేయరు. అచ్చులో సరిచేసి, అడుగున కొత్త కేపు బిగించి, మందు తూచి పోసి, పైన గుండు కూర్చుతారు. పొదుపూ, కాలక్షేపమూను.

అయితే విన్‌చెస్టర్ 1894 వంటి మీట తుపాకి ఉన్నవారు గుండు ముక్కు ఎలా ఉన్నదో చూసుకోవాలి. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ తుపాకిలో తూటాలు అడుగు గొట్టంలో రైలుపెట్టెల్లా వరసగా ఉంటాయి. వెనక తూటా ముక్కు ముందుదాని కేపుకు ఆనుతుంది. ఆ ముక్కు సూదిగా ఉన్నదా, తుపాకి తన్నిన అదురుకు కేపును పొడిచినా పొడవవచ్చు. అప్పుడు పేలేది లేడిమీద కాదు, తుపాకి పట్టుకున్న ఎడమచేతిలో! అందుకే వీటికి మొండిముక్కు గుండ్లు.

మొండిముక్కును గాలి ఎక్కువగా అడ్డుతుంది. దూరం పోయేకొద్దీ వేగం చచ్చిపోతుంది. బ్రౌనింగే 1895 నమూనాలో గొట్టం మాని, తూటాలు ఒకదానిమీద ఒకటి నిలిచే పెట్టె అమర్చాడు. అందులో సూదిముక్కూ చెల్లుతుంది. గొట్టం తుపాకులవారికి మాత్రం ఈ శతాబ్దంలోగాని ఊరట దొరకలేదు. హార్నడీ కంపెనీ గుండు కొనకు రబ్బరులాంటి మెత్తని మొన పెట్టింది. పాత చిక్కుకు ఎంత చిన్న ఉపాయం!

మొన మెత్తనైనా మరో పని తప్పదు. గుల్ల మూతిని గుండు చుట్టూ బిగించి నొక్కాలి. లేకుంటే గొట్టంలోని స్ప్రింగు తోపుకు గుండు లోపలికి దిగబడి, పేల్చినప్పుడు ఒత్తిడి హద్దు మీరుతుంది.