చట్టం – మనం: నా వ్యాసం ఇక నాది కాదా?

సూరత్ దక్షిణపు అంచున ఉన్న మా భేస్తాన్‌లో మరమగ్గాల చప్పుడు మధ్యనే చదువుకొని పైకి వచ్చిన పిల్లలున్నారు. మగ్గం పనికై తెలంగాణ నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక కుటుంబంలోని అమ్మాయి వస్త్రాల రంగులపై పరిశోధన చేస్తున్నది. ఇటీవల ఒక ఆదివారం తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చి ఒక ఉత్తరం చూపింది. ఆమె పంపిన వ్యాసాన్ని ఒక పత్రిక మూడే రోజులలో స్వీకరించి 18,000 రూపాయలు చెల్లించమన్నది. వెనుకకు తీసుకుంటానంటే అందుకూ రుసుము కోరుతున్నది. “బాబాయిగారూ, నా వ్యాసం ఇక నాది కాదా?” అన్నది ఆ అమ్మాయి ప్రశ్న.

పరిశోధనా ఫలితాలను అందరూ ఉచితంగా చదువుకోవాలన్న ‘ఓపెన్ యాక్సెస్’ ఆశయం మంచిదే. మన గుజరాత్‌లోనే, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ‘శోధ్‌గంగ’ పేరిట దేశంలోని పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలను ఆ విధంగానే అందిస్తున్నది. అయితే కొన్ని పత్రికలు పాఠకుని వద్ద తీసుకోని ధరను రచయిత వద్ద తీసుకుంటాయి. వాటిలో నిజాయితీ గలవీ ఉన్నాయి, కానివీ ఉన్నాయి.

హైదరాబాదులో పుట్టిన ఓమిక్స్ సంస్థ ఉదంతం ఇందుకు తార్కాణం. నిపుణుల పరిశీలన విషయంలో పరిశోధకులను మభ్యపెట్టినదనీ, రుసుమును ముందుగా తెలుపలేదనీ, వ్యాసాలను ఉపసంహరించుకోనివ్వలేదనీ ఆరోపిస్తూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో దావా వేసింది. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించవలసినదిగా తీర్పునిచ్చింది. 2020లో అప్పీలు న్యాయస్థానమూ దానిని ధ్రువపరచింది. మన ఊరి పేరు ఇటువంటి తీర్పులో వినవలసి రావడం తెలుగువారికి బాధాకరమే.

ఇక అమ్మాయి ప్రశ్నకు వద్దాము. 1957 నాటి కాపీరైటు చట్టం సెక్షన్ 17 ప్రకారం సాధారణంగా రచయితే తొలి హక్కుదారు. సెక్షన్ 19 ప్రకారం ఆ హక్కు బదలాయింపు లిఖితపూర్వకంగా, సంతకంతో ఉండాలి. వ్యాసాన్ని పరిశీలనకు పంపినంత మాత్రాన బదలాయింపు జరుగదు. ఆమె దేనిమీదా సంతకం చేయలేదు. కంప్యూటరులో ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడినీ నొక్కలేదు. కనుక వ్యాసం ఆమెదే. ఆ గడిని తేలికగా తీసుకోరాదు. దాని వెనుక ‘క్రియేటివ్ కామన్స్’ అనుమతి ఉంటే, ఒకసారి ఇచ్చిన పిమ్మట దానిని రద్దు చేయడానికి వీలుండదు.

తండ్రికి మాత్రం వేరే భయం. ముద్రిత వ్యాసం లేకుంటే పట్టా రాదేమోనని ఆయన అప్పు చేయడానికి కూడా సిద్ధపడ్డారు. యు.జి.సి. 2016 నిబంధనలలో అటువంటి షరతు ఉన్నమాట నిజమే. 2022 నవంబరు నిబంధనలలో దానిని తొలగించారు. విశ్వవిద్యాలయం తన సొంత నియమంగా ఇంకా కోరుతున్నదేమో కనుక్కోవలసి ఉంటుంది. సంఖ్యను బట్టి యోగ్యతను కొలిచినంత కాలం ఇటువంటి దుకాణాలకు గిరాకీ తగ్గదని నా అభిప్రాయం. వ్యాసాన్ని అది అచ్చయిన పత్రిక కొలమానాన్ని బట్టి కాక, అందులోని విషయాన్ని బట్టి అంచనా వేయాలని 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకొన్న ‘డోరా’ ప్రకటన కోరింది. అది చట్టం కాదు, సంస్థలు స్వచ్ఛందంగా స్వీకరించేది.

సందర్భం వచ్చింది గనుక మన ఉద్యోగ సోదరీసోదరులకు ఒక మాట. ప్రభుత్వరంగ సంస్థ ఆదేశంపైన గాని, ఆధ్వర్యంలో గాని తయారైన రచనకు, వేరే ఒప్పందం లేనిచో, సెక్షన్ 17(డిడి) మేరకు సంస్థే తొలి హక్కుదారు. ప్లాంటు పనిపై రాసిన పత్రాన్ని సెమినారుకు పంపే ముందు లిఖితపూర్వక అనుమతి తీసుకోండి. మీ పేరు రచయితగా ఉండే హక్కు మాత్రం సెక్షన్ 57 వల్ల మీదే.

అమ్మాయి చేత ఆ రోజే ఉపసంహరణ లేఖ రాయించాము: హక్కులు బదలాయించలేదని, ప్రచురించరాదని, రుసుము చెల్లించనని. నకలు ఆమె మార్గదర్శకులకు పంపింది. పత్రిక నుండి ఇంకా జవాబు రాలేదు.