'అట' వినబడని పుస్తకాలు

ఆఫీసుకి పోనూ రానూ కలిపి రోజుకి గంటన్నర కార్లో కూర్చునేవాడికి పాటలు ఎన్నాళ్ళని సరిపోతాయి చెప్పండి? ఘంటసాల అయిపోయాడు, ఇళయరాజా అయిపోయాడు, ఆఖరికి పాత హాస్య సన్నివేశాలు కూడా డైలాగులతో సహా బట్టీ వచ్చేశాయి. అలా ఆడియో పుస్తకాల్లో పడ్డాను. ఓ రోజు మా ఆవిడ నా ఫోన్లో ఉన్న జాబితా చూసి, "ఇదేంటండీ, అయితే దెయ్యాలు, లేకపోతే రాజకీయ నాయకులు. మధ్యలో మామూలు మనుషులెవరూ లేరా?" అంది.

నిజమే. నేను విన్నవాటిలో ముప్పాతిక భాగం ఈ రెండు రకాలే. ఒకటి హారర్, రెండోది రాజకీయాల మీద వచ్చే అసలు సంగతుల పుస్తకాలు. ఏళ్ళ తరబడి విన్నాక నాకు కలిగిన అభిప్రాయం ఏంటంటే, మొదటి రకం చెవి కోసమే పుట్టింది. రెండో రకాన్ని చెవితో వినొచ్చు గానీ, చెవిని నమ్ముకుంటే మాత్రం మునుగుతాం. ఒకసారి మునిగాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నా. ఆ భాగోతం తరవాత చెప్తాను.

ముందు దెయ్యాల సంగతి. భయానికి కావలసింది వరుస. ఇది తరవాత అది, అది తరవాత ఇంకోటి, అంతే. అచ్చు పుస్తకం చదువుతున్నప్పుడు కన్ను ఊరికే ఉండదు. పేజీ మొదట్లో హీరో మెట్లెక్కుతుంటే, పేజీ చివర "శవం" అన్న మాట ముందే కంటబడుతుంది. సగం భయం అక్కడే చచ్చిపోతుంది. ఆడియోలో ఆ దొంగచూపుకి వీల్లేదు. చదివేవాడు మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కుతుంటే మనమూ వాడి వెనకాలే ఎక్కాలి. మన భాషలో చెప్పాలంటే ఇది పాతకాలం టేపు డ్రైవు లాంటిది. వరసగా తిరగాల్సిందే, గెంతడాలు లేవు.

స్టీఫెన్ కింగ్ 1983లో రాసిన 'పెట్ సెమటరీ'ని 2018లో మైకేల్ సి. హాల్ చదివాడు. 'డెక్స్‌టర్' సీరియల్ చూసినవాళ్ళకి ఆయన గొంతు బాగా తెలుసు. అరుపులూ కేకలూ ఏమీ ఉండవు. పక్క సీట్లో కూర్చుని మాట్లాడుతున్నట్టు చెప్పుకుపోతాడు. అదే ప్రాణాలు తీస్తుంది. 1971లో 'ది ఎగ్జార్సిస్ట్' రాసిన విలియం పీటర్ బ్లాటీ అయితే, ఆ నవలని తన గొంతుతో తనే చదివాడు. ఒక్కడే పూజారి, ఒక్కడే తల్లి, ఒక్కడే దెయ్యం! చిన్నప్పుడు 'తులసిదళం' దుప్పటి ముసుగులో చదివి బాత్రూముకి వెళ్ళడానికి అమ్మని తోడు పిలిచిన బాపతు వాళ్ళెవరైనా ఉంటే (మొహమాటపడకండి, మనవాళ్ళు చాలామందే ఉన్నాం) ఇది రాత్రిపూట మాత్రం వినకండి.

లోపాలు లేవా అంటే బోలెడు. మొదటిది, దెయ్యానికి గొంతు పెట్టేస్తారు. అచ్చులో ఆ దెయ్యం నా దెయ్యం. నాకేది భయమో దాని ఆకారంలోనే అది కనబడుతుంది. నటుడు కాస్త గీరగొంతు పెట్టి మాట్లాడాడంటే అది కాస్తా మా కాలేజీ వార్షికోత్సవం నాటకంలో రాక్షసుడైపోతుంది. రెండోది, నిడివి. కింగ్ గారి 'ఇట్' దాదాపు 45 గంటలు. నా లెక్కన నెలన్నర ఆఫీసు ప్రయాణం! సరిగ్గా మురిక్కాలవ లోంచి చెయ్యి బయటికొచ్చే వేళకి పార్కింగు వస్తుంది. ఇంజను ఆపేసి, లిఫ్టెక్కి, "నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను" అని అప్పజెప్పే మీటింగులో నిలబడాలి. దాని ముందు ఏ దెయ్యం నిలుస్తుంది?

ఇంకోటి, వేగం. హారర్ని ఒకటిన్నర రెట్ల వేగంతో వింటే కామెడీ అయిపోతుంది. మౌనాలే దాని ఆస్తి, వాటినే కత్తిరించేస్తే ఇంకేం మిగుల్తుంది?

అదే రాజకీయ పుస్తకాన్ని ఒకటిన్నర రెట్లలో వింటే ఏమీ కాదు, పైగా బతికిపోతాం. ఆ రకంలో నాకు కనబడిన మొదటి సుగుణం ఇదే. జన్మలో చదవలేని లావుపాటి పుస్తకాలు పూర్తవుతాయి. ఒబామా 2020లో రాసిన 'ఎ ప్రామిస్డ్ ల్యాండ్' ఏడొందల పేజీల పైచిలుకు. అట్ట చూసే దణ్ణం పెట్టేవాణ్ణి. ఆడియోలో 29 గంటలు, ఆయన గొంతుతోనే. హాయిగా విన్నాను. అన్నట్టు ఈయనకి సొంత పుస్తకాలు చదివినందుకు 2006లో ఒకటి, 2008లో ఒకటి గ్రామీ అవార్డులు కూడా వచ్చాయి, అప్పటికి ఇంకా అధ్యక్షుడు కూడా కాలేదు.

కానీ తిరకాసు కూడా అక్కడే ఉంది. అంత మంచి గొంతు ఏం చెప్పినా సబబుగానే వినిపిస్తుంది. తను తీసుకున్న ఒక నిర్ణయాన్ని ఆయన సమర్థించుకుంటున్నాడా, వివరిస్తున్నాడా అన్న అనుమానం అచ్చులో చదివితే మూడో వాక్యానికే వచ్చేది. కార్లో ఆ గొంతు వింటూ తల ఊపేశాను. లైను మారుతూ మరీ ఊపాను.

ఇక నేను మునిగిన సంగతి. 2018 జనవరి 5న మైకేల్ వుల్ఫ్ రాసిన 'ఫైర్ అండ్ ఫ్యూరీ' వచ్చింది. ట్రంపు లాయర్లు ప్రచురణ ఆపమని నోటీసులిస్తే, ప్రచురణకర్తలు ఆపకపోగా చెప్పిన తేదీ కంటే నాలుగు రోజులు ముందే వదిలారు. ఇంత గొడవయ్యాక వినకుండా ఎలా ఉంటాం? చాలా భాగం చదివింది హోల్టర్ గ్రాహమ్ అనే నటుడు. నిడివి 12 గంటలకి అటూ ఇటూ. థ్రిల్లర్ లాగా విన్నాను.

ఆ వేసవిలో మా అక్కా బావగారూ ఇక్కడికి వచ్చారు. బావగారు లాయరు. వారాంతం మా ఇంట్లో నాలుగు కుటుంబాల భోజనాలు. మాటలు ఎన్నికల మీదకి మళ్ళాయి. నేను రెచ్చిపోయి, "అసలు గెలుస్తానని ఆయనే అనుకోలేదండీ. ఫలితాల రాత్రి ఆయన మొహం దెయ్యాన్ని చూసినట్టు అయిపోయింది, భార్య ఏడ్చేసింది, అదీ సంతోషంతో కాదు" అని కళ్ళకు కట్టినట్టు వర్ణించాను. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఇద్దరు ముగ్గురు అప్పటికప్పుడు వాట్సాపులో ఊరికి కూడా పంపేశారు.

బావగారు చెయ్యి కడుక్కునొచ్చి నెమ్మదిగా అడిగారు. "ఎవరు చూశారోయ్?"

"పుస్తకంలో ఉందండీ."

"పుస్తకం చూడదు కదా. రాసినాయన ఆ గదిలో ఉన్నాడా?"

"..."

"పోనీ ఏ పేజీ?"

పేజీ ఏంటి, నా మొహం! పన్నెండు గంటల శబ్దంలో అది ఎక్కడుందో నాకేం తెలుసు? ఫోను తీసి ముప్ఫై సెకన్లు వెనక్కీ ముందుకీ నొక్కుతూ పావుగంట వెతికాను. దొరకలేదు. వంకాయ కూర చల్లారిపోయింది.

మర్నాడు లైబ్రరీకి వెళ్ళి అచ్చు ప్రతి తెచ్చాను. రెండు నిమిషాల్లో దొరికింది. దెయ్యాన్ని చూసినట్టున్నాడు అన్నది రచయిత చూసింది కాదు. కొడుకు తన స్నేహితుడితో అన్నాడట. అంటే కొడుకు చూసి, స్నేహితుడికి చెప్పి, అది తిరిగి తిరిగి పుస్తకంలోకి ఎక్కి, నటుడి నోట్లోంచి నా చెవిలో పడి, నా నోట్లోంచి వంకాయ కూర మీద పడింది. ఇన్ని చేతులు మారింది! భార్య ఏడ్చిందన్న మాటని ఆవిడ తరఫువాళ్ళు ఖండించారు కూడా. అన్నిటికంటే సిగ్గుపడింది దేనికంటే, పుస్తకం మొదట్లోనే రచయిత ఒక మాట చెప్పుకున్నాడు. తను విన్న కథనాలు చాలావాటికి ఒకదానితో ఒకటి పొంతన లేదనీ, కొన్ని నిజం కూడా కావనీ, కొన్నిచోట్ల ఎవరి కథ వాళ్ళని చెప్పనిచ్చి, కొన్నిచోట్ల తను నమ్మినదాన్ని రాశాననీ. ఆ ముందుమాట నేను విన్నాను. వినే ఉంటాను. ఆ టైములో హైవే మీదకి ఎక్కుతూ ఏ ట్రక్కుకో దారిస్తున్నానేమో!

అప్పుడు వెలిగింది. మన తెలుగులో ఎంత గొప్ప ఏర్పాటుందో చూడండి. చూసినదానికి "ఏడ్చింది" అంటాం, విన్నదానికి "ఏడ్చిందట" అంటాం. ఒక్క అక్షరం. సాక్ష్యం ఎవరిదో, బాధ్యత ఎవరిదో అంతా ఆ 'ట'లో ఉంటుంది. ఇంగ్లీషులో ఆ పనిని వాక్యం మొదట్లోనో చివర్లోనో ఉండే ఓ చిన్న ముక్క చేస్తుంది, లేదా పేజీ కింద నోట్సు చేస్తుంది. నటుడు సన్నివేశాన్ని రక్తి కట్టిస్తున్నప్పుడు ఆ చిన్న ముక్క గాలికి పోతుంది. నోట్సయితే ఆడియోలో చాలావరకు చదవనే చదవరు. చివరికి మనకి మిగిలేది 'ట' ఊడిపోయిన బొమ్మ.

హారర్లో ఈ బాధ లేదు. మా నాయనమ్మ పెరట్లో నవారు మంచం మీద పడుకుని చెప్పిన దెయ్యం కథలన్నీ 'అట'లే. చింతచెట్టు మీద ఉండేదట, అర్ధరాత్రి అగ్గిపెట్టె అడిగేదట. ఆ 'ట' ఊడిపోయి, నిజంగా ఉంది అనిపించిన క్షణమే కథ గెలిచినట్టు. అదే క్షణం రాజకీయంలో వస్తే నేను ఓడిపోయినట్టు. ఒకే పనిముట్టు, అక్కడ వరం, ఇక్కడ శాపం.

ఇంకో తేడా. హారర్లో మధ్యలో అయిదు నిమిషాలు ధ్యాస తప్పితే వెంటనే తెలిసిపోతుంది. ఎవరు చచ్చారో అర్థం కాదు, వెనక్కి తిప్పుకుంటాం. కంపైల్ ఎర్రర్ లాంటిది. రాజకీయ పుస్తకంలో అయిదు నిమిషాలు పోతే పోయినట్టు కూడా తెలీదు. అంతా సజావుగా నడుస్తూనే ఉంటుంది, అభిప్రాయం మాత్రం తప్పు వచ్చి కూర్చుంటుంది. ఇది ప్రొడక్షన్లో దొరికే రకం బగ్గు. నాది బావగారికి దొరికింది.

తమాషా ఏంటంటే ఈ విషయం 1897లోనే ఓ హారర్ నవల చెప్పింది. బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా'. అందులో డాక్టర్ సూవర్డ్ తన డైరీని చేత్తో రాయడు, ఫోనోగ్రాఫ్ సిలిండర్ల మీద రికార్డు చేస్తాడు. ఎడిసన్ దాన్ని కనిపెట్టింది 1877లో, అంటే అప్పటికది కొత్త టెక్నాలజీయే. నెలల తరబడి మాట్లాడాక మీనా వచ్చి ఒక సంగతి గురించి అడిగితే, కావలసిన ముక్క ఎక్కడుందో వెతుక్కోవడం ఎలా అన్న ఆలోచనే తనకి ఎప్పుడూ రాలేదని అప్పుడు గ్రహిస్తాడు. ముప్పై సెకన్ల బటన్ నొక్కుతూ కూర్చున్న నన్ను చూసి రాసినట్టు లేదూ! మీనా ఆ సిలిండర్లన్నీ విని, టైపు చేసి పెడుతుంది. ఆ గొంతులో గుండెకోత మరీ స్పష్టంగా వినబడుతోందనీ, దాన్ని ఇంకెవరూ అలా వినకూడదనీ అంటుంది. గొంతులో బాధ ఉంది, కాగితం మీద సమాచారం ఉంది. డ్రాకులాని వేటాడ్డానికి పనికొచ్చింది ఆ కాగితాలే. తరవాత డ్రాకులా వచ్చి ఆ కాగితాల్నీ సిలిండర్లనీ తగలబెట్టేస్తే, ఇంకో ప్రతి ఇనప్పెట్టెలో భద్రంగా ఉంటుంది. బ్యాకప్పు విలువ తెలిసిన మహాతల్లి.

అలాగని రాజకీయాన్ని వినొద్దని తీర్మానించలేను. గొంతే సాక్ష్యమైన చోట ఆడియోని మించింది లేదు. బాబ్ వుడ్‌వర్డ్ ట్రంపుతో చేసిన 20 ఇంటర్వ్యూల రికార్డింగులు 2022లో 'ది ట్రంప్ టేప్స్' పేరుతో వచ్చాయి. 2020 ఫిబ్రవరి 7న కరోనా గాలి ద్వారా వ్యాపిస్తుందనీ, మామూలు ఫ్లూ కంటే ప్రమాదకరమనీ ఆయన చెప్పడం, మార్చిలో ఆ తీవ్రతని తగ్గించి చెప్పడమే తనకిష్టమనడం ఆయన గొంతులోనే వింటాం. ఇక్కడ 'అట' లేదు. బావగారు "ఎవరు విన్నారోయ్?" అంటే "మీరే వినండి" అని ఫోను చేతికివ్వొచ్చు. అదే వుడ్‌వర్డ్ 2018లో రాసిన 'ఫియర్' పేరు వినబడని మనుషులు చెప్పిన సంగతుల మీద కట్టిన పుస్తకం. దాన్ని వేరే నటుడి గొంతులో వింటుంటే ఆ గదిలో మనమే ఉన్నట్టుంటుంది. లేము. అది గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి నేను పెట్టుకున్న పద్ధతి ఇదీ. దెయ్యాలు ఆడియోలోనే, మామూలు వేగంతోనే, పగటిపూటే. నాయకుల పుస్తకాలు కార్లో వింటాను, కానీ అచ్చు ప్రతి తిరగేసి, ఎవరు ఎవరితో అన్నారో చూసుకునేదాకా నలుగురిలో నోరెత్తను. గ్రాఫులూ పట్టికలూ ఉన్న పుస్తకమైతే అసలు విననే వినను. "కింది పటంలో చూసినట్టు" అని చెవిలో చెబితే డ్రైవింగులో ఎక్కడ చూడను?

ఆ తరవాతి ఆదివారం ఆ నలుగురికీ ఫోన్లు చేసి, "మొన్న చెప్పానే, అది చూసిన సంగతి కాదండీ, అట మీద అట" అని చెప్పాను. ముగ్గురు నవ్వేశారు. నాలుగో ఆయన మాత్రం, "అయ్యో, నేను అప్పుడే పదిమందికి చెప్పేశానే! వాళ్ళూ నమ్మేశారు" అన్నారు.

ఆ పదిమంది ఇంకెంతమందికి చెప్పారో. ఇన్నేళ్ళుగా విన్న దెయ్యం కథల్లో ఏదీ నన్ను అంతగా భయపెట్టలేదు.