కోలారు గనులకు మన వలస

కోలారు బంగారు గనులు (కేజీఎఫ్) మైసూరు సంస్థానంలోవి. అయితే వాటిలోకి దిగి రాయి పగలగొట్టినవాళ్ళలో ఎక్కువమంది సరిహద్దుకు ఇవతలి నుంచి వెళ్ళినవాళ్ళే. గంగవరం, పలమనేరు, వి.కోట, కుప్పం పల్లెలు అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లా కింద ఉండేవి. చిత్తూరు జిల్లా 1911లో గానీ ఏర్పడలేదు. పరిశ్రమలొచ్చి వలస జనంతో నగరం లేవడమంటే న్యూయార్కు, షికాగోలే అందరికీ గుర్తొస్తాయి. 1840లో నాలుగున్నర వేల జనం ఉన్న షికాగో 1900 నాటికి 17 లక్షలకు చేరింది మరి. అదే కాలంలో, అదే తీరున, వి.కోట దాటి కాస్త దూరం పోతే తగిలే రాళ్ళ మైదానంలో మరో ఊరు లేచింది. 1891 లెక్కల్లో అక్కడున్నది ఏడు వేల పైచిలుకు జనం. పదేళ్ళు తిరిగేసరికి 38 వేలు దాటారు.

ఆ నేలలో బంగారం ఉందని 1802లోనే జాన్ వారెన్ అనే సైనికాధికారి రాసిపెట్టాడు. డెబ్బై ఏళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1870ల్లో లావెల్ అనే మాజీ సైనికుడు తవ్వుకునే హక్కు సంపాదించాడు. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ రంగంలోకి దిగింది. ఆ దశాబ్దం మధ్యలో అసలైన బంగారు పొర దొరికాక మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం గనులు ఒకదాని పక్కన ఒకటి వెలిశాయి.

అంత పనికి మనుషులు దొరకడానికి వెనక ఒక కరువు ఉంది. 1876-78 నాటి ధాత కరువు ఈ సీమనంతా ఊడ్చేసింది. చెరువులు ఎండి, పశువులు పోయి, అప్పుల్లో మునిగిన కుటుంబాలకు రోజు కూలి నగదుగా చేతికి అందడమే గొప్ప. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి జట్టు కట్టి తీసుకెళ్ళేవాడు. రైలు అప్పటికే కుప్పం మీదుగా బెంగళూరుకు నడుస్తోంది. 1890ల్లో బంగారుపేట నుంచి మారికుప్పం దాకా గనుల కోసమే మరో లైను పడింది. గని లోపలికి దిగినవాళ్ళలో దళితులే అత్యధికులు. ఊళ్ళో భూస్వామి ఇంటి వెట్టి కంటే పాతాళంలో పనే మేలని వాళ్ళు ఎంచుకున్నారంటే, ఆ ఊళ్ళు వాళ్ళను ఎలా చూశాయో అర్థం చేసుకోవచ్చు. 1900ల తొలి ఏళ్ళలోనే మారికుప్పంలో బౌద్ధ సంఘం వెలిసింది. అంబేద్కర్ దీక్ష తీసుకోవడానికి అర్ధ శతాబ్దం ముందు మాట అది.

ఉండడానికి కంపెనీ ఇచ్చినవి కూలి లైన్లు. వెదురు తడికెల గోడలు, మట్టి నేల, వరసగా అతికించినట్టు ఒంటి గదులు. వంట, పడక, పురుడు అన్నీ ఆ గదిలోనే. న్యూయార్కు ఇరుకు వాటాల ఇళ్ళను జేకబ్ రీస్ అనే పాత్రికేయుడు ఫొటోలతో, 1890లో పుస్తకంతో లోకానికి చూపించాడు. 1901లో అక్కడ గాలీ వెలుతురూ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. కోలారు లైన్లకు అలాంటి రచయిత దొరకలేదు. అక్కడ మార్పు తెచ్చింది ప్లేగు. ఆ భయంతోనే రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట గీత గీసినట్టు తిన్నని వీధులతో లేచాయి. పాలారు మీద బేతమంగళం చెరువు నుంచి నీళ్ళు వచ్చాయి. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల తీగలు లాగి, అమెరికా వారి జనరల్ ఎలక్ట్రిక్ యంత్రాలతో కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో దీపం వెలగడానికి ఇంకా మూడేళ్ళుంది. ఆ కరెంటు ముందు గని యంత్రాలకు, తర్వాత దొరల బంగళాలకు, క్లబ్బుకు వెళ్ళింది. తడికెల గదుల వంతు చాలా ఆలస్యంగా వచ్చింది.

గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. కింద రాయి కాలుతుంటుంది. పైనున్న బరువుకు ఉన్నట్టుండి పేలినట్టు చిట్లి మీద పడుతుంది. దాన్నుంచి తప్పించుకున్నవాళ్ళను రాతి ధూళి ఊపిరితిత్తుల్లో చేరి తినేసింది. ఇక పైకొస్తే తనిఖీ. బంగారం దొంగిలిస్తారన్న అనుమానంతో ఒళ్ళంతా తడిమి చూసేవారు. 1930లో కూలీలందరి వేలిముద్రలు నమోదు చేస్తామనేసరికి గనులన్నీ ఆగిపోయాయి. దొంగల జాబితాలో చేర్చినట్టు వేలు ముంచడం వాళ్ళకు కూలి కోత కంటే పెద్ద అవమానం. 1946 నవంబరు 4న పోలీసు కాల్పుల్లో ఆరుగురు కార్మికులు ప్రాణాలు వదిలారు. 2018లో వచ్చిన సినిమాతో కేజీఎఫ్ పేరు దేశమంతా మోగింది కానీ, ఆ సినిమాలో తుపాకులకు కొదవ లేకున్నా ఈ ఆరుగురికి చోటు లేదు.

అమెరికా నగరాలతో పోలిక ఇక్కడ తెగిపోతుంది. అక్కడికి వెళ్ళినవాళ్ళ కష్టాలేమీ తక్కువ కావు. చైనావారికి 1882లోనే తలుపు మూశారు, 1924 చట్టంతో దక్షిణ, తూర్పు యూరపు వాళ్ళనూ దాదాపు ఆపేశారు. అయినా షికాగోలో మాంసం ఫ్యాక్టరీ వద్దనుకుంటే ఉక్కు మిల్లు ఉండేది, రైలు యార్డు ఉండేది. పౌరసత్వం వస్తే ఓటు, ఆ ఓటు కోసం ఇంటికొచ్చే వార్డు నాయకుడూ ఉండేవాడు. డబ్బు కూడితే సొంత ఇల్లు. కోలారులో ఉన్నది ఒకటే పని, ఇల్లూ నేలా గనివే. నాలుగు తరాలు పుట్టి పెరిగిన గదికి కూడా కార్మికుడు పనిలో ఉన్నంతవరకే హక్కుదారు.

1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం గనులను తీసుకున్నాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడింది. బోర్డు మారిందే తప్ప నేల ఎవరిదన్న ప్రశ్న అలాగే మిగిలింది. 2001లో గని మూతపడేసరికి 120 ఏళ్ళలో తీసిన బంగారం దాదాపు 800 టన్నులు. ఊళ్ళో మిగిలినవి సైనేడు దిబ్బలు, గాలి వీస్తే ఇళ్ళలోకి వచ్చే ఆ దుమ్ము, పాత క్వార్టర్లు. గని కార్మికుల పిల్లలు తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు పనులకు పోయి రాత్రికి తిరిగొస్తున్నారు. గంగవరం, పుంగనూరు వైపు కుర్రాళ్ళు బస్సుల్లో చేరేదీ ఆ బెంగళూరుకే.

ఈ పాత కథ ఇప్పుడు మళ్ళీ తవ్వాల్సిన అవసరం ఉంది. కుప్పం పక్కన గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం గనులు ఈ కోలారు బంగారు పొరకు దక్షిణపు కొసలు. అవీ 2001లోనే మూతపడ్డాయి. వేలంలో ఆ క్షేత్రం కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్ఎండీసీకి దక్కింది. మొదటి టన్ను రాయి పైకి రాకముందే కార్మికుల ఇళ్ళ స్థలాలకు వాళ్ళ పేరనే పట్టాలివ్వాలి, వ్యర్థాల దిబ్బలు ఎక్కడ పోస్తారో గ్రామసభలో చెప్పాలి. కుప్పం, పలమనేరు ప్రజాప్రతినిధులు ఈ రెండు మాటలూ కాగితం మీద రాయించుకోవాలి.