అభిమానులకి ఇంకో రూలు కావాలి

ఇండియాలో ఉన్న మీ అన్నయ్యలు, వదినలు వీడియో కాల్‌లో ఎప్పుడో ఒకసారి ఈ ప్రశ్న అడిగే ఉంటారు: "ఇంతకీ నువ్వు ఎవరి ఫ్యాన్?"

జాగ్రత్త! ఇది మామూలు ప్రశ్న కాదు. "నాకు అందరూ ఇష్టమే" అంటే జవాబు చెప్పనట్టే లెక్క. ఒక్క పేరే చెప్పాలి. చెప్పాక ఇక మీరు ఆ హీరో పార్టీ!

తెలుగు సినిమా అభిమానులకి ఇలాంటి రూల్స్ చాలా ఉన్నాయి. ఏ పుస్తకంలోనూ రాసి ఉండవు, కానీ అందరికీ తెలుసు. కొన్ని చూద్దాం.

ఒకటి. తెర మీద హీరో పేరు పడినప్పుడు ఎవరూ ఊరికే కూర్చోకూడదు. ఈల వేయాలి. ఈల రానివాళ్ళు చప్పట్లు కొట్టాలి. చించిన కాగితం ముక్కలు గాల్లోకి ఎగరాలి.

రెండు. హీరో మొదటిసారి కనిపించే సీన్‌లో బాత్‌రూమ్‌కి వెళ్ళకూడదు. ఎంత అర్జెంటైనా సరే!

మూడు. వేరే హీరో బాగా చేశాడని ఒప్పుకోవచ్చు. కానీ ఆ మాట వెనకాలే "అయినా మనవాడిలా కాదులే" అనాలి.

నాలుగు. మన హీరో సినిమా ఎప్పుడూ బాగానే ఉంటుంది. బాగాలేకపోతే, అది జనానికి అర్థం కాలేదన్నమాట.

మొదటి రెండు రూల్స్ నాకు చాలా ఇష్టం. అవి పండగ లాంటివి. ఆ పండగ ఇండియాలోనే ఆగిపోలేదు. 2023 మార్చిలో 'నాటు నాటు' పాటకి ఆస్కార్ వచ్చింది. అదే నెలలో అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మనవాళ్ళు టెస్లా కార్లు వరసగా నిలబెట్టి, ఆ పాటకి తగ్గట్టు లైట్లు వెలిగించి ఆర్పారు. కార్లు కూడా డాన్స్ చేశాయన్నమాట! దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

అభిమానులకి ఇంకో అలవాటు కూడా ఉంది. అది అర్థాలు వెతకడం. టీజర్ ఒక్క నిమిషమే ఉంటుంది. దాని మీద చర్చ మాత్రం నెల రోజులు నడుస్తుంది. హీరో ఎర్ర చొక్కా వేసుకుంటే "అదిగో, విప్లవం!" అంటారు. గోడ గడియారంలో పది గంటల పది నిమిషాలు కనిపిస్తే "అక్టోబరు పదిన రిలీజ్!" అంటారు. గడియారాల ప్రకటనల్లో దాదాపు ఎప్పుడూ అదే టైము ఉంటుందని ఎవరికీ గుర్తు రాదు. వెనకాల కాకి ఎగిరితే "విలన్ పని అయిపోయింది" అంటారు. పాపం, ఆ కాకి తన పని మీద తను వెళ్తూ ఉంటుంది!

ఇదంతా పనికిరాని పని అని పెద్దవాళ్ళు విసుక్కుంటారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

'బాహుబలి' మొదటి భాగం 2015 జులై 10న వచ్చింది. కట్టప్ప బాహుబలిని వెనక నుంచి కత్తితో పొడవడంతో ఆ సినిమా ఆగిపోతుంది. రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చింది. దాదాపు రెండేళ్ళ పాటు ఎక్కడ చూసినా ఒకటే ప్రశ్న: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? ఎవరి నోట విన్నా ఒక కొత్త కథ!

కానీ జవాబులో సగం మొదటి భాగంలోనే ఉంది. అస్లం ఖాన్ అనే వ్యాపారి కట్టప్పకి బానిసతనం నుంచి విడుదల ఇప్పిస్తానంటాడు. కట్టప్ప వద్దంటాడు. తన పూర్వీకులు మాహిష్మతి సింహాసనానికి మాట ఇచ్చారని, ఆ మాటకి తను కట్టుబడి ఉన్నానని చెప్తాడు. ఈ సీన్ గుర్తున్నవాళ్ళు "ఎవరో ఆజ్ఞ ఇచ్చి ఉంటారు" అని ఊహించవచ్చు. అది మంచి ఊహ. ఎందుకంటే దానికి సినిమాలోనే ఆధారం ఉంది. ఆ ఆజ్ఞ శివగామి ఎందుకు ఇచ్చిందో మాత్రం రెండో భాగం చూస్తేనే తెలుస్తుంది.

'ఆర్ఆర్ఆర్' సంగతి కూడా చూడండి. రామ్ నిప్పు, భీమ్ నీరు అని అభిమానులు అంటారు. అది నిజమే. వాళ్ళిద్దరూ మనకి పరిచయమయ్యేటప్పుడు తెర మీద ఆ మాటలే పడతాయి. వాళ్ళు మొదటిసారి కలిసేది కూడా నది మీద మంటలు లేచినప్పుడే. మరి పేరులోని మూడు 'ఆర్'లకి ఏదైనా రహస్యం ఉందా? లేదు! రాజమౌళి, రామ్ చరణ్, రామారావు: ఈ మూడు పేర్ల మొదటి అక్షరాలే అవి. ముందు పనికోసం అలా పిలుచుకున్నారు. తర్వాత ఆ అక్షరాలకి సరిపోయే మాటలు చెప్పమని సినిమా వాళ్ళే అభిమానుల్ని అడిగారు. చివరికి 2020 ఉగాదికి 'రౌద్రం రణం రుధిరం' అని ప్రకటించారు. అంటే అక్షరాలు ముందు పుట్టాయి, అర్థం తర్వాత వచ్చింది!

చూశారా? నిప్పు, నీరు సినిమాలో ఉన్నాయి. రహస్యం మాత్రం మనం అంటించినది. ఈ రెండింటికీ తేడా తెలియాలంటే ఒక్క మాట అడిగితే చాలు: "ఎక్కడుంది? చూపించు!" అభిమానుల రూల్స్‌లో చేరాల్సిన కొత్త రూలు ఇదే అని నా అభిప్రాయం.

ఈ రూలు వస్తే నాలుగో రూలు పోతుంది. అది పోవాలి కూడా. మిగతావి నవ్వించే రూల్స్, కానీ నాలుగోది నోరు నొక్కేది. "సెకండాఫ్ నాకు బోర్ కొట్టింది" అని మీరు అనగానే "నీకు తెలుగు సరిగ్గా రాదు కదా, నీకేం అర్థమవుతుంది?" అని ఎవరో ఒకరు అంటారు. బయటి దేశంలో పెరిగిన పిల్లలకి ఆ మాట గట్టిగా తగులుతుంది. ఆ తర్వాత చాలామంది నోరు విప్పరు. "బాగుంది" అనేసి ఊరుకుంటారు. అలా ఊరుకుంటే సినిమా గురించి మాట్లాడటమే కాదు, తెలుగులో మాట్లాడటమే తగ్గిపోతుంది.

అందుకే మీరు ఊరుకోకండి. "నాకు నచ్చలేదు" అని ఆపకుండా "ఎందుకంటే..." అని మొదలుపెట్టండి. ఒక సీన్ చూపించండి. "హీరో ఊరు వదిలి ఎందుకు వెళ్ళాడో చెప్పనేలేదు" అన్నారనుకోండి, దానికి ఇక సినిమాలోంచే జవాబు రావాలి. అవతలివాళ్ళు మీరు గమనించని సీన్ చూపిస్తే "అవును కదా!" అని ఒప్పుకోండి. రూలు అందరికీ ఒక్కటే.

హీరోని ఇష్టపడటానికి కారణం అక్కర్లేదు. ఈల వేయడానికి అసలే అక్కర్లేదు. కానీ సినిమా బాగుందో లేదో చెప్పడానికి కారణం కావాలి. ఈసారి "నువ్వు ఎవరి ఫ్యాన్?" అని అడిగితే పేరు చెప్పండి, వెంటనే ఇదీ అడగండి: "ఆ హీరో సినిమాల్లో నీకు నచ్చనిది ఏది? ఎందుకు?" అప్పుడు వీడియో కాల్ ఐదు నిమిషాల్లో అయిపోదు, చూడండి!